కొనకముందే పప్పు ఉడికిన ఇల్లు

మా చిన్నప్పుడు... అంటే నా ముందు పళ్ళు రెండూ ఊడిపోయి, ఈల వేయబోతే ఉత్త గాలి వచ్చే రోజుల్లో... ఒక ఆదివారం మధ్యాహ్నం మేం నలుగురం పాకాలలో ఇల్లు కొనడానికి బయలుదేరాం.

'కొనడానికి' అన్నది అమ్మ. నాయన మాత్రం "సూసొద్దాం పా" అన్నాడు. అక్కా నేనూ ఏ మూల ఎవరిదో పోట్లాడుకుంటూ రైలు పట్టాలు దాటేశాం. ఆ ఇంటికి మూలలెన్నో ఇద్దరికీ తెలియదు...

ముందు మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. అమ్మ సర్కారు ఆసుపత్రిలో నర్సు. నాయన చెనిక్కాయల నూనె మిల్లులో పనిచేసేవాడు. అది మూతపడ్డాక ఇంకో పని దొరకలేదు... వంటిల్లు దొరికింది. మొదట్లో తప్పక దూరాడు, తర్వాత బయటికి రమ్మన్నా రాలేదు. ఆయన గెలికిన రాగిసంగటి, రోట్లో నూరిన ఊరిబిండి పచ్చడి... వద్దులెండి, ఆ దారిన పడితే కొత్తింటికి చేరం. జీతం అమ్మది, గరిటె నాయనది. వీధికి అది వింత, మాకు మామూలు.

ఇల్లు స్టేషను వెనక వీధిలో ఉంది. ఎర్రగా మెరిసే నున్నటి నేల, దూలానికి ఉయ్యాల కొక్కేలు, పెరట్లో గిలకబావి... అక్క కొక్కేలు చూసి కేక పెట్టింది. నేను నేలమీద బోర్లా పడి జారాను. అమ్మ అయితే ప్రతి గది తలుపూ తీసి, వేసి, మళ్ళీ తీస్తోంది. ఆమెకు ఇల్లు నచ్చేసిందని నాక్కూడా తెలిసిపోయింది.

ఇంటి ఆసామి చెంగల్రాయులు, బట్టల వ్యాపారం చేసిన మనిషి. చీర విప్పి చూపించినట్టు ఇల్లంతా అమ్మకు విప్పి చూపిస్తున్నాడు. వెనకాల నాయన ఒకడున్నాడన్న ధ్యాసే లేదు. నాయన బావి దగ్గర ఆగిపోయాడు. చేద వేసి నీళ్ళు తోడాడు. పుక్కిట పట్టి, ఉమ్మి, మళ్ళీ పుక్కిట పట్టాడు.

"ఏమయ్యా, ఇల్లు ఎట్లుండాది?" అంది అమ్మ.

"నీ ఇష్టం మే."

"నా ఇష్టం నాకు తెల్సులే. నీది సెప్పు."

"జీతం నీది. నేనేం సెప్పేది?"

చెంగల్రాయులు అందుకున్నాడు. "బాగ సెప్పినాడు! నర్సమ్మా, నీకు నచ్చితే సాలు, అడ్వాన్సు ఇచ్చేయ్. ఆయప్పకేం, యాడున్నా తిని పడుకునేదే గదా!"

సంచిలోకి పోతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"పొద్దన లేసి డూటీకి పొయ్యేది నేను. పొద్దుగూకులూ ఈ ఇంట్లో తిరిగేది ఈయన. నోరు తెరిసి బాగుందంటేనే కొనేది. లేకుంటే లేదు. పాండి పోదాం."

మా ప్రాణాలు పోయాయి. అక్క కొక్కేల వైపు చూసి ఏడుపు మొహం పెట్టింది.

అప్పుడు అమ్మ కళ్ళు నాయన భుజం మీది తువ్వాలు మీద పడ్డాయి. దాని కొసకు ఏదో ముడి.

"ఏందయ్యా ఆ మూట?"

నాయన చప్పున చేత్తో మూసుకున్నాడు. "ఏంలే... కందిబేడలు."

"ఇల్లు సూసేదానికి కందిబేడలెందుకు?"

"ఈ పక్క కొన్ని బావుల నీళ్ళకు పప్పు ఉడకదు మే. ఎంత కాగినా రాళ్ళట్లనే వుంటాది. ఉడికించి సూద్దామని తెచ్చినా... అడిగేదానికి నోరు రాలా."

చెంగల్రాయులు పగలబడి నవ్వాడు. "కొనకముందే పొయ్యి ముట్టిస్తావా? పెండ్లిసూపులకొచ్చి కాపరం సేసి సూస్తానన్నట్టుండాది అప్పా!"

"సేసి సూడనీండి" అంది అమ్మ.

ఇంట్లో పొయ్యి వెలిగిందంటే గృహప్రవేశం అయినట్టేననీ, బేరం తెగకుండా అది కుదరదనీ చెంగల్రాయులి పట్టు. చివరికి పెరట్లో మూడు రాళ్ళ పొయ్యికి ఒప్పుకున్నాడు. కుండ కూడా ఆయనే ఇచ్చాడు, పాపం.

ఇక చూడండి... నా జన్మలో ఇంకే కుండ వైపూ అంత ఆత్రంగా చూడలేదు. అక్క పుల్లలు ఎగదోస్తోంది. పక్కింటి గోడ మీద ఒక్కొక్క తలే లేస్తోంది. కాట్పాడి బండి కూత వేసుకుంటూ పోయింది. నీళ్ళు తెర్లాయి, నురుగు పొంగింది... పప్పు మాత్రం గింజకు గింజ అట్లాగే ఉంది.

నవ్వడం మానేసి చెంగల్రాయులు కూడా పొయ్యి దగ్గర గొంతుక్కూర్చున్నాడు. "బేడలు పాతవేమో సూడప్పా..."

"నిన్న తెచ్చినవి" అన్నాడు నాయన.

గరిటె కొసన నాలుగు బద్దలు తీసి వేళ్ళ మధ్య నలిపాడు. మళ్ళీ మూతపెట్టాడు. మేం కుండను చూస్తున్నాం, అమ్మ ఆయన ముఖాన్ని చూస్తోంది. కొంతసేపటికి మళ్ళీ తీశాడు. ఈసారి నలపాల్సిన పనే లేకపోయింది... మెత్తగా జారిపోయింది!

ఉప్పయినా వేయని ఆ పప్పును అందరం అరచేతుల్లో పెట్టించుకుని నాకాం. చెంగల్రాయులు రెండోసారి కూడా చెయ్యి చాపాడు.

"ఇప్పుడు సెప్పు" అంది అమ్మ.

నాయన గొంతు సవరించుకున్నాడు. "ఇల్లు బాగుండాది. కొందాం. అయితే వంటింట్లో పొయ్యి ఆ మూలన వద్దు, పొగంతా కండ్లలోకొస్తాది. కిటికీ కిందికి మార్చాల. రోలు ఈడికి రావాల. గూటికి తలుపు పెట్టించాల. ఆ గోడ పక్కన మునగ కొమ్మ నాటాల..."

అమ్మ సంచిలోంచి డబ్బు తీసి నాయన చేతిలో పెట్టింది. "నువ్వియ్యి."

"నేనెందుకు మే?"

"ఇల్లు మనిద్దరిదీ గాబట్టి."

చేతులు తుడుచుకుని నాయనే ఇచ్చాడు. ఇంటికి వస్తున్నంతసేపూ నోరు మూయలేదు... ఏ గోడకు ఏ రంగు, ఏ అటక మీద ఏ బాన అని. అమ్మ ఒక్కదానికీ అడ్డం చెప్పకుండా ఊఁ కొడుతూ నడిచింది. అక్కా నేనూ పోట్లాట మరిచిపోయి వాళ్ళ వెనకాల ఎగురుకుంటూ నడిచాం.

ఇప్పుడు గది గదినీ ఫోనులోనే చూసేస్తున్నారు... స్టేషను ఎంత దూరం, అప్పు ఎంతొస్తుంది, అన్నీ అడుగుతారు. పొద్దస్తమానం ఆ ఇంట్లో ఉండబోయే మనిషిని "నీకెట్లుంది?" అని అడిగి, జవాబు వచ్చేదాకా కూర్చునే తీరిక ఎవరికుంది...

మీ ఇంట్లో జీతం లేని మనిషి "సరే" అన్నాకే కొన్న ఇల్లు ఉందా? ఆ మనిషి ఎవరో, ఏం చూసి సరే అన్నారో కింద రాయండి. ఎంత పొడుగున్నా చదువుతాను... నాకు తీరికకేం తక్కువ!