సూరిబాబు మాస్టారు చెప్పిన నిజం

అమలాపురంలో నేను బరువులెత్తడం నేర్పే కాలేజీ జిమ్ తలుపు తీయగానే ఇనుమూ చెమటా కలిసిన వాసన వస్తుంది. ఆ వాసనకి కొత్తపేటలోని రేకుల షెడ్డూ, అందులో నాకు బరువులెత్తడం నేర్పిన సూరిబాబు మాస్టారూ గుర్తొస్తారు.

ఆడపిల్లకి బరువులేమిటని మా నాన్నగారు వెనకాడితే, మాస్టారు ఇంటికొచ్చి, "మీ అమ్మాయి నడుంలో బలం ఉందండి. నాకొదిలేయండి" అన్నారు. ఆయన మాటంటే నాన్నగారికి గురి. దేహదారుఢ్య పోటీల్లో బహుమతులు గెలిచిన మనిషి. ఆయన నడిచి వెళ్తుంటే బజారులో జనం ఆగి చూసేవారు.

నేను ఇంటర్‌లో ఉండగా ఆయన కళ్ళు పచ్చబడ్డాయి. ఒళ్ళంతా దురద, మాకు నేర్పుతూనే ముంజేతులు రక్తం వచ్చేలా గోక్కునేవారు. చూస్తుండగానే మనిషి సగమయ్యారు. కాకినాడలో డాక్టర్లు కాలేయం పాడైందన్నారు. అంతే, ఊళ్ళో తాగుబోతన్న ముద్ర పడింది. కల్లు కూడా ముట్టని మనిషాయన. ఆయన భార్య వరలక్ష్మిగారు కుళాయి దగ్గర ఆ మాటలు విని, తలొంచుకుని బిందె ఎత్తుకునేవారు.

ఒక సాయంత్రం మాస్టారు మా అందరినీ షెడ్డులో కూర్చోబెట్టారు. వరలక్ష్మిగారు గుమ్మంలో నిలబడ్డారు.

"నేను తాగలేదర్రా. పోటీల కోసం కండ పెంచే మాత్రలు మింగేను, ఇంజెక్షన్లు చేయించుకున్నాను. గెలిచేక కూడా మానలేకపోయేను. కండ తగ్గితే నన్నెవరు చూస్తారని భయం."

మాలో పెద్దవాడు శ్రీను, "ఇప్పుడెందుకు మాస్టారండీ ఇదంతా? మీ పేరు పోద్ది" అన్నాడు.

"ఆ పేరు చూసే కదరా మీరొచ్చేరు! నాలా అవ్వాలని మీలో ఒకడు ఆ సూది పొడిపించుకుంటే?"

చొక్కా విప్పారు. ఎముకలు తేలిన ఛాతీ, నీరు పట్టి ఉబ్బిన పొట్ట. వరలక్ష్మిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు కాని, ఆయన్ని ఆపలేదు.

మర్నాడు శ్రీను ఒక పొట్లం తెచ్చి మాస్టారి ముందు పెట్టాడు. అవే మాత్రలు. అప్పటిదాకా నిబ్బరంగా ఉన్న మాస్టారు వాడి భుజం పట్టుకుని ఏడ్చారు.

వానలు మొదలవకముందే ఆయన పోయారు. ఆ తరవాత నేను రాష్ట్ర పోటీలకి వెళ్ళాను, పతకం రాలేదు. సిగ్గుపడుతూ చెబితే వరలక్ష్మిగారు, "నీ బలంతోనే ఎత్తేవా అమ్మా?" అని అడిగారు.

"ఆయ్."

"ఆయనుంటే అదే అడుగుదురు" అన్నారు.

ఇప్పుడు నా దగ్గరికొచ్చే కుర్రాళ్ళు, కండ తొందరగా పెరగడానికి ఏం వాడాలి మేడమ్ అంటారు. కోప్పడను. కూర్చోబెట్టి మాస్టారి సంగతి, పేరుతో సహా చెబుతాను. విన్నాక కొందరు బుద్ధిగా బరువులు తగిలించని ఖాళీ కడ్డీతో మొదలుపెడతారు. కొందరు మర్నాటి నుంచి రారు. ఇంటికి వెళ్ళే దారిలో నా మనసు ఆ రానివాళ్ళ వెంటే పోతుంది.