కబావుకు ఒక ఉదాహరణ

ప్రొద్దుటూరులో ఒక మేడ మీద గదిలో నర్సింగ్ చదివిన ఆడపిల్లలకు జపనీస్ చెప్పేదాన్ని. జపాన్‌లో ముసలివాళ్లను చూసుకునే ఉద్యోగాల కోసం నేర్చుకునేవాళ్లు. వారం రోజులు నా ప్రాణం తోడేసిన క్రియ ‘కబావు’. ఇంకొకరి మీదికి వచ్చే దెబ్బనో నిందనో అడ్డుపడి మన మీద వేసుకోవడం అని మూడుసార్లు చెప్పాను. తెలుగులో ‘వెనకేసుకురావడం’ దానికి దగ్గరి మాటే గానీ, అది నోటితో సరిపోతుంది, దీనికి ఒళ్లు కూడా కావాలన్నాను. అందరూ తలలూపారు. ఉదాహరణలు రాసుకు రమ్మంటే, గొడుగు తనను వానలో కబావు చేసిందని ఒకతి, హెల్మెట్ వాళ్లన్నను కబావు చేసిందని ఇంకొకతి. గొడుగుకు మనసుంటుందా అని అరిచి పుస్తకాలు బల్ల మీద పడేశాను.

లింగాల దగ్గరి పల్లె నుంచి వచ్చే అమ్మాయి మాత్రం సరిగ్గా రాసింది. ‘మా నాయన నాయకుడి కొడుకును కబావు చేసి జైల్లో ఉన్నాడు.’

ఫ్యాక్షన్ రోజుల్లో మా వైపు ఇది మామూలే. పెద్దింటివాళ్లు ఎవరినైనా నరికితే, వాళ్ల మనిషి ఒకడు కొడవలి పట్టుకుని స్టేషన్‌కు పోయి, నేనే చేశానని లొంగిపోయేవాడు. ఇంటిని మేం చూసుకుంటామని అతనికి మాటిచ్చేవాళ్లు. ఈ అమ్మాయి తండ్రికీ అట్లాగే ఇచ్చారు. తర్వాత ఆ నాయకుడు పార్టీ మారి, కొడుకు చేతిలో చనిపోయినవాడి అన్నతో కలిసి జమ్మలమడుగులో ఒకే ఫ్లెక్సీ మీద నవ్వుతూ నిలబడ్డాడు. ఈయన కడప జైల్లోనే ఉండిపోయాడు. అడిగితే ఆ అమ్మాయి చెప్పిన ఇదంతా విని నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడే ఆ అమ్మాయికి జపాన్ ఉద్యోగం ఇంటర్వ్యూ. అంతకు ముందు రెండుసార్లు, మీ నాన్న ఏం చేస్తారు అన్న దగ్గరే నీళ్లు నమిలి ఉద్యోగం పోగొట్టుకుంది. మూడోసారి కూడా పోతే ఇక పిలవరు. రైతు అని చెప్పు, చీనీతోట ఉందని చెప్పు, అంతకు మించి నోరు విప్పొద్దు అని విసుక్కుంటూ పదిసార్లు వల్లె వేయించాను. పదకొండోసారి ఆగిపోయింది.

“చెప్తా మేడం. ఈ అబద్ధం చెప్పి నేను కాపాడతాండేది ఎవురిని? మా నాయన్నా, ఆ నాయకుని కొడుకునా?”

వారం రోజులుగా ఆ క్రియ గురించి గొంతు చించుకున్నది నేనే. నా మీద నాకే అసహ్యం వేసింది. నిజం చెప్పమని మాత్రం అనలేకపోయాను.

“ఇంకోసారి చెప్పు” అన్నాను.

మా నాన్న రైతు అని జపనీస్‌లో స్పష్టంగా చెప్పింది.