పక్కకు పిలిచి చెప్పిన మాట

ముందు నా తెలివితక్కువతనం ఒప్పుకుంటాను. అది చిన్నది, నవ్వుకోదగ్గది. దాని వెనకాలే ఉంది అసలు బరువు. ఏళ్ల తరబడి మెడలో స్టెతస్కోపులా వేలాడుతోంది. ఒకటే తేడా. స్టెతస్కోపునైతే ఇంటికెళ్లేటప్పుడు తీసి మేకుకి తగిలించొచ్చు.

నేను టాటానగర్ గోల్‌మురిలో ఒక చిన్న క్లినిక్కు నడిపే డాక్టర్ని. ఒకప్పుడు ఆస్ట్రేలియా వెళ్లి ఫ్యామిలీ డాక్టర్ని అవుదామనుకున్నాను. వేరే దేశాల్లో చదివిన డాక్టర్లకి అక్కడ ఒక దారి ఉంది. దారి అనకూడదు, మెట్లు. ముందు ఇంగ్లీషు పరీక్ష. తర్వాత కంప్యూటర్ ముందు ప్రశ్నలు. ఆ తర్వాత, రోగుల్లా నటించే మనుషుల్ని ఎదురుగా కూర్చోబెట్టి, వాళ్లతో ఎలా మాట్లాడతామో చూస్తారు. అది దాటితే డాక్టర్లు దొరకని ఏ మారుమూల ఊళ్లోనో, ఒక సీనియర్ కనుసన్నల్లో ఉద్యోగం. ఆపైన అక్కడి ఫ్యామిలీ డాక్టర్ల కాలేజీ పెట్టే పరీక్షలు. ఇవన్నీ అయ్యాక గాని తలుపు మీద పేరు రాసుకోనివ్వరు.

నేను ఆ నటించే రోగుల దగ్గర బోల్తా పడ్డాను.

ఎదురుగా రోగి వేషం కట్టిన ఒక పెద్దావిడ. కాన్సరని రిపోర్టు వచ్చింది, ఆ సంగతి ఆవిడకి చెప్పాలి. అంతే పని. నేనేం చేశాను? ఇక్కడ రోజూ చేసేదే చేశాను. మన దగ్గర పెద్ద జబ్బయితే రోగికి చెప్పం కదా. కొడుకునో అల్లుణ్నో వరండాలోకి పిలిచి గొంతు తగ్గించి చెబుతాం. రోగితో మాత్రం "ఏం లేదమ్మా, చిన్న గడ్డ" అంటాం. అలవాటుగా "మీతో ఎవరొచ్చారు?" అని అడిగాను. ఎవరూ రాలేదంది. "ఏం ఫరవాలేదు, రేపు మీ అబ్బాయిని తీసుకురండి" అన్నాను. ఆవిడ జబ్బు గురించి ఆవిడకి తప్ప ఇంకెవరికైనా చెప్పేలా ఉన్నాను. నటించమని పెట్టింది ఆవిణ్ని, నటించింది నేను.

తప్పెక్కడ జరిగిందో తర్వాత తెలిసింది. రోగికే చెప్పాలి. ఎంతవరకు తెలుసుకోవాలనుందో ముందు ఆవిణ్నే అడగాలి. కొడుక్కి చెప్పాలన్నా ఆవిడ ఊఁ అనాలి. ఇంట్లో మాత్రం ఫెయిలయ్యానని చెప్పలేదు. "ఊరొదిలి పోబుద్ధి కాలేదు" అన్నాను. పక్క పేట సిద్ధగోరాలో మా అత్తవారింటివాళ్లు నన్ను త్యాగమూర్తిని చేసి పీట మీద కూర్చోబెట్టారు. కూర్చున్నాను. పీట మెత్తగానే ఉంది.

అప్పుడు గణేష్ వచ్చాడు. నా భార్య తమ్ముడు. టాటానగర్ రైల్వేలో చేసి రిటైరైన మా మామగారి ఒక్కగానొక్క కొడుకు. ఇక్కడ సీటు రాక ఎక్కడో మంచు దేశంలో డాక్టరీ చదివి వచ్చాడు. నేను ర్యాంకు తెచ్చుకుని చదివినవాణ్ని. ఈ తేడాని లోలోపల ఎంత ముద్దు చేసుకునేవాణ్నో మీకు చెప్పినా అర్థం కాదు. ఆ గణేష్, నేను ఆయాసపడుతూ ఎక్కిన మెట్లు ఈల వేసుకుంటూ ఎక్కాడు. ఆస్ట్రేలియాలో ఒక చిన్న ఊరి క్లినిక్కువాళ్లు వాడికి ఉద్యోగం ఇస్తామన్నారు కూడా. నటించే రోగుల పరీక్ష ఈసారి పాసైతేనే సుమా అన్నారు.

మధ్యాహ్నాలు నా క్లినిక్కులో సాధన చేసేవాళ్లం. రోగిని నేనే. బల్ల మీద పడుకుని మూలిగేవాణ్ని. వాడు స్టూలు దగ్గరకి జరుపుకుని, నేను చెప్పేది పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు అడిగేవాడు. మంచి డాక్టరు. నాకంటే మంచి డాక్టరు. ఈ వాక్యం రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. కడుపులో మంటగా ఉందని నటిస్తుంటే నిజంగానే మండేది. ఈర్ష్యకి ఏ స్కానింగూ లేదు, ఉంటే నాకు రిపోర్టు నల్లగా వచ్చేది.

ఒకరోజు సాధన ఆపి అడిగాడు.

"బావా, ఒక డౌటు. పెద్ద జబ్బు చెప్పాల్సొచ్చిందనుకో. పేషెంటు ముసలావిడ. పక్కన కొడుకున్నాడు. ఎవరికి చెప్పాలి?"

"నువ్వేటనుకుంతన్నావు?"

"ఆవిడికే చెప్పాలేమో. అక్కడ పద్ధతి అదేనంట."

"అరే, అక్కడి ముసలోళ్లు మనుషులు కారేటి? గుండాగిపోద్ది. ఆవిణ్ని కాసేపు బయట కూకోబెట్టు. కొడుకుని పక్కకి పిలిచి చెప్పు. ఆవిడికి చిన్న గడ్డని చెప్పు. అదీ దయంటే. మార్కులు దానికే."

"పక్కా?"

"పక్కా. ఆ దారిలో ఎల్లి ఎనక్కొచ్చినోణ్ని, నాకు తెలదేటి?"

"నువ్వున్నావు కాబట్టి సరిపోయింది బావా. నాకిక టెన్షన్ నహీ" అని కాళ్లకి దండం పెట్టాడు. నేను కాళ్లు వెనక్కి లాక్కోలేదు.

పరీక్షలో అలాంటి కేసే వచ్చింది. వాడు నేను చెప్పినట్టే చేశాడు. ఫెయిలయ్యాడు. ఆ ఒక్క రోగి దగ్గరే పోయిందని ఎవరు చెప్పగలరు? మిగతావాటిలో కూడా తప్పాడేమో? ఇలా నా తరఫున నేనే వకీలునై ఎన్నోసార్లు వాదించాను. ప్రతిసారీ కేసు ఓడిపోయాను. క్లినిక్కువాళ్లు ఆ ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చేశారు. వాడు గోడ వైపు తిరిగి పడుకుంటే, ఓదార్చడానికి వెళ్లింది నేనే. ఆ రోజు అత్తయ్య పెట్టిన అన్నం ఆకలిగా తిన్నాను. మారు కూడా అడిగాను.

తర్వాత వాడు తన తప్పు తనే తెలుసుకుని, మళ్లీ రాసి, పాసై వెళ్లాడు. మెట్లన్నీ ఎక్కాడు. ఇప్పుడు అక్కడ ఫ్యామిలీ డాక్టరు. నేనిచ్చిన సలహా సంగతి ఎత్తితే "పాపం, బావకీ తెలీదు" అంటాడు. నాకు తెలుసు. వాడు తిట్టి ఉంటే ఎంత బాగుండేది!

ఈమధ్య అత్తయ్యకి రొమ్ములో గడ్డ కనిపించింది. పరీక్షలు నేనే చేయించాను. కాన్సరే, కానీ ఇంకా ముదరలేదు, ఆపరేషన్‌తో లొంగేదే. గణేష్ ఫోను చేశాడు. "బావా, ప్లీజ్, అమ్మకి చెప్పకు. చిన్న గడ్డని చెప్పు. తట్టుకోలేదు." రోజూ పరాయి తల్లుల కళ్లలోకి చూసి నిజం చెప్పే మనిషి, ఏడుస్తూ. సరేనన్నాను.

అన్నాక వెళ్లి, అత్తయ్య దగ్గరికి స్టూలు జరుపుకుని, ఎంతవరకు తెలుసుకోవాలనుందని అడిగాను.

"చిన్న గడ్డకి మీ మాఁవగారూ మీరూ వరండాలో గుసగుసలెందుకు బాబూ? నాకేటీ తెలదనుకున్నారేటి? చెప్పండి."

చెప్పాను. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత ఆపరేషన్ ఎప్పుడని అడిగింది. చివర్న, "గణేషుకి మాత్రం నాకు తెలుసని చెప్పకండి బాబూ. దూరాన ఉన్నోడు, బెంగెట్టుకుంతాడు" అంది.

రోగి చెప్పొద్దంటే చెప్పకూడదు. ఆ పరీక్షలో దానికీ మార్కులుంటాయి.

ఇదంతా మిమ్మల్ని పక్కకు పిలిచి చెబుతున్నాను. చెప్పవలసినవాడికి కాకుండా ఇంకెవరికో చెప్పే అలవాటు పోలేదు చూశారా. క్షమించమని కాదు. చెప్పాక మెడ కొంచెం తేలికైంది, అంతే.

ఆపరేషన్ అయింది, అత్తయ్య కోలుకుంటోంది. ఆదివారాలు వాడు వీడియోలో కనబడతాడు. "చిన్న గడ్డే కదమ్మా, తీసేశారు, అయిపోయింది" అంటాడు. "అవున్నాన్నా, చిన్న గడ్డే" అంటుందావిడ, కళ్లు కూడా చెమర్చకుండా. మెట్లన్నీ ఎక్కిన డాక్టరు, ఎదురుగా నటిస్తున్న రోగిని పట్టుకోలేకపోతున్నాడు. తర్వాత నాతో రహస్యంగా, "బావా, అమ్మకి అనుమానం రాలేదు కదా?" అంటాడు. "లేదురా" అంటాను.

ఇక వాడికి చెప్పెయ్యనా అని అత్తయ్యని ఒక్క మాట అడిగితే ఊఁ అంటుందేమో. నేను ఇంతవరకు అడగలేదు.