ఉసిరిచెట్టు కింద ఆర్పిన పొయ్యి

మండే కట్టెల మీద నీళ్లు పోసిన వాసన వస్తే ఇప్పటికీ నాకు ఆకలి చచ్చిపోతుంది.

తెల్లదొరల సిపాయిలు మా నర్సీపట్నం మీదుగా కొండల్లోకి వెళ్తున్న రోజులవి. అయినా కార్తీకం కదా అని బలిఘట్టం ఏటి ఒడ్డున, ఉసిరిచెట్టు కింద వనభోజనానికి పొయ్యి వెలిగించాం. ఇంతలో కొయ్యూరు వైపు కొండమీద పొగ లేచింది.

"అమ్మా, వాళ్లవీ వనభోజనాలే!" అన్నాను.

"పోడు కాలుస్తున్నారేమోరా," అంది అమ్మ.

"పోడు ఎండల్లో కదే కాలుస్తారు. ఇప్పుడేటి?" అంది నాయనమ్మ.

నాన్న సగం ఉడికిన అన్నం దించేసి, పొయ్యిలో బిందెడు నీళ్లు కుమ్మరించాడు.

"మన పొగ కనబడకూడదు. బేగి బండెక్కండి."

తగలబడింది ఒక గూడెమని పెద్దయ్యాక తెలిసింది. ఆ రోజు మాత్రం, కొండమీది పిల్లలు కడుపునిండా తింటున్నారని దారంతా కుళ్లుకున్నాను.