పటంలో పసుపు గీత

కోర్టు గదిలో ఉన్నవాళ్ళు: జడ్జి, గుమాస్తా, ట్రాఫిక్ పోలీసుల తరఫున ఒక అధికారి, అరబ్బీని హిందీలో చెప్పే మలయాళీ దుబాసీ, ఇస్త్రీ చొక్కాలో మా గది డ్రైవర్ భాయ్, నేను. నా ఒళ్ళో ప్లాస్టిక్ గొట్టం, అందులో నేను గీసిన పటం.

తొంభైల మధ్యలో సంగతి. పాలిటెక్నిక్ చదివి బహ్రెయిన్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా కొత్తగా చేరాను. భాయ్‌ది నిజామాబాద్ వైపు. కూలీలను క్యాంపు నుంచి సైటుకు పికప్‌లో తీసుకెళ్ళేవాడు. సనాబిస్‌లో ఆపి ఉన్న ఆ బండిని పోలీసు జీపు వెనక్కి వస్తూ గుద్దింది. రిపోర్టులో మాత్రం అతనే వెళ్ళి గుద్దినట్టు రాసి, లైసెన్సు తీసేసుకున్నారు. లైసెన్సు లేని డ్రైవర్ని కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఉంచుకోడు, ఇంటికి పంపేస్తాడు. అందుకే భాయ్ పోలీసుల మీద దావా వేయాలనుకున్నాడు.

"ఉన్నదున్నట్టు గీయి ఇంజనీర్ సాబ్. మన తప్పేం లేదు," అన్నాడు నాతో.

రేడియేటర్ పగిలిన పికప్ ఇంకా అక్కడే ఉండగా టేపు పట్టుకుని వెళ్ళాను. జీపు టైర్ల మరకలు, గాజు పెంకులు పడ్డ చోటు, మలుపు దగ్గర రోడ్డు అంచున పసుపు గీత, అన్నీ కొలిచాను. గీతకు పసుపు పెన్సిల్‌తో రంగు కూడా వేశాను.

"ఫొటో లెక్కనే ఉంది గదా!" అని భాయ్ మురిసిపోయాడు.

"నా పెండ్లి పత్రిక గూడ ఈయనతోనే గీపిద్దం," అన్నాడు పక్క మంచం మీది తాపీమేస్త్రి.

జడ్జి పటాన్ని చాలాసేపు చూశాడు. జీపు వెనక్కి వచ్చిన మాట నిజమేనన్నాడు. భాయ్ సంతోషంతో నా మోకాలు నొక్కాడు. అప్పుడు జడ్జి వేలు పసుపు గీత మీదికి వచ్చింది.

"ఇదేమిటని అడుగుతున్నారు," అన్నాడు దుబాసీ.

"అక్కడ బండి ఆపకూడదని గీత."

"పికప్ దాన్ని దాటి ఉందా?"

"ఉంది. నలభై సెంటీమీటర్లు."

ఉందంటే సరిపోయేది. ఆ అంకె ఎవరూ అడగలేదు. నాకు తెలుసని చెప్పుకోవాలనిపించింది, అంతే.

ఆపకూడని చోట ఆపినవాడికి అడిగే హక్కు లేదని దావా కొట్టేశారు. పోలీసు అధికారి వెళ్తూ వెళ్తూ నా భుజం తట్టి, డ్రాయింగ్ చాలా బాగుందన్నాడు. నేను థాంక్యూ అన్నాను. భాయ్ పక్కనే ఉన్నాడు, విన్నాడు.

బయటికొచ్చాక, "ఖలాస్, అయిపోయింది," అన్నాడు భాయ్. "ఆ ఒక్క గీత ఇడిచిపెడితే ఏమైతుండె సాబ్?" అని అడిగాడు.

"కొలతల్లో ఉంది భాయ్."

"ఔ. ఉన్నది."

నా చేతిలోని గొట్టం తీసుకుని బస్సు దాకా తనే మోశాడు.

గదిలో మేస్త్రి ఊరుకోలేదు. "అడగనిది చెప్పెటోనికి ఇంజనీర్ అని పేరు వెట్టినం!"

"ఊకో. గీయమన్నది నేనే," అన్నాడు భాయ్.

నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

లైసెన్సు తిరిగి రాలేదు. నెలాఖరుకి కఫీల్ టికెట్ తీశాడు. మా గదిలో మంచాలు ఎనిమిది. మేం ఏడుగురం.