ఊటీలో మా వారం

పెళ్లయిన కొత్తలో జూబ్లీహిల్స్‌లోని ఒక హోటల్‌కి భోజనానికి పిలిచి, మాకు ఊటీలో ఒక వారం అమ్మారు. టైమ్‌షేర్ అన్నారు. ఏటా మే నెలలో ఆ వారం రిసార్టులో ఒక గది మాది. మా ఆయన ఫిల్మ్‌నగర్‌లో ఎడిటర్, నేను డబ్బింగ్ చెబుతాను. మే వచ్చేసరికి ఏదో ఒక సినిమా విడుదల నెత్తిమీద ఉండేది. ఇన్నేళ్లలో మేం వెళ్లింది రెండుసార్లే. వెళ్లకపోయినా మెయింటెనెన్స్ మాత్రం కట్టాలి.

అందుకే ఆ వారాన్ని ఒక వెబ్‌సైట్‌లో అద్దెకి పెట్టడం మొదలుపెట్టాను. మొదట్లో ప్రకటన ఉచితం. తర్వాత ఏడాది చందా అన్నారు. ఆ తర్వాత అద్దెలో వాటా. మన గది పై వరసలో కనిపించాలంటే దానికి వేరే. ప్రతిసారీ విసుక్కుంటూనే కట్టాను. మానేస్తే గది ఖాళీగా పోతుందని భయం.

పోయిన వేసవిలో అన్నీ కట్టినా చాలా రోజులు ఎవరూ అడగలేదు. చివరికి ఒకామె మెసేజ్ పెట్టింది. ఫోన్ నంబరు రాస్తే సైట్ వాళ్లు చెరిపేస్తారు కాబట్టి, ఎక్కడుంటారని అడిగాను. కృష్ణానగర్ అంది. నాకు నవ్వు కూడా రాలేదు. మా ఇంటికి ఆటోలో పది నిమిషాలు.

నేను డబ్బింగ్ చెప్పే స్టూడియో గేటు ఎదుట టీ కొట్టు దగ్గర కలుసుకున్నాం. సినిమా పాటల్లో వెనక వరసలో డాన్స్ చేస్తుందట. ముప్పై దాటి ఉంటాయి.

"మీరు పెట్టిన కిరాయి ఎంత మేడమ్?" అని అడిగింది. చెప్పాను.

"నాకు గంతకంటే మస్తు ఎక్కువ చూపించింది. మధ్యల గిదంత ఎవరికి పోతున్నది?"

"నాకు మాత్రం కాదమ్మా. నేను పెట్టినదాంట్లో కూడా కోసుకునే ఇస్తారు."

ఇంకో రెండు టీలు చెప్పాను. తర్వాత తనే చెప్పింది.

"షూటింగ్‌కి ఊటీ పోయిన మేడమ్, శానా సార్లు. పొద్దుగాల బస్సు, దినమంత లైన్ల నిలబడుడు, మళ్ల బస్సు. ఊరే చూడలే. జర అమ్మను తీస్కపోయి సక్కగ చూపిద్దామని."

సైట్‌తో పని లేకుండా గది ఆమెకే ఇచ్చేద్దామని ఇంటికొచ్చి ఆయనకి చెప్పాను. "నేరుగా ఇచ్చామని తెలిస్తే మన ఖాతా మూసేస్తారేమో" అన్నారు.

"మూసేయనివ్వండి. నాకు ఓపిక లేదు."

ఆయన కళ్లజోడు తీసి కళ్లు నలుపుకున్నారు. "సరే, మెయింటెనెన్స్ వరకూ తీసుకో, చాలు" అన్నారు.

మా గదిలో వేరేవాళ్లు దిగాలంటే రిసార్టుకి కూడా ఏదో కట్టాలట. అది ఇద్దరం చెరిసగం వేసుకున్నాం. వాళ్లు వెళ్లాక ఆమె ఫోన్ చేసింది. వెనక వాన చప్పుడు వినిపించింది.

"అమ్మ బయటికే వస్తలేదు మేడమ్, చలి అంటున్నది. కిటికీకాడ రగ్గు కప్పుకొని కూసున్నది. గట్లనే మంచిగుంది అంటున్నది."

ఆ మాట విన్నాక చాలా రోజులకి ఒంట్లో బరువు కాస్త దిగినట్టు అనిపించింది.

సైట్‌లో మా ప్రకటన తీసేశాను. కట్టిన చందా తిరిగి రాలేదు. ఆ వారాన్నే వదిలేసుకుందామని రిసార్టుకి ఫోన్ చేస్తే, వదులుకోవడానికి కూడా రుసుము ఉంటుందని అవతలి అమ్మాయి మర్యాదగా చెప్పింది. ఆలోచించుకుని మళ్లీ ఫోన్ చేస్తానన్నాను. ఇంకా చేయలేదు.