అక్షరాలు తొక్కకుండా నడిచిన చర్చి

నిన్న మా అమ్మాయి కాలు ఐప్యాడ్‌కి తగిలింది. వెంటనే వంగి, దాన్ని తాకి కళ్ళకద్దుకుంది. నాకు నవ్వొచ్చింది. ఆ వెనకే, ఎనభైల్లో చూసిన ఓ పెద్ద చర్చి గుర్తొచ్చింది.

పరాయి దేశంలో పెరిగిన మన తెలుగు పిల్లలందరి వేసవి సెలవులూ ఒకలాంటివే కదా! తొడలు అంటుకుపోయే వినైల్ సీట్ల స్టేషన్ వ్యాగన్ కారు, స్టీలు డబ్బాలో పులిహోర, నాన్న కారు ఆపిన చోటల్లా చరిత్ర పాఠం. ఆ చర్చి గోడలకి ఇత్తడి లంగర్లు, గాలిలో మైనం వాసన. నేల మీద పరిచిన రాళ్ళ నిండా యుద్ధాల్లో పోయిన నావికుల పేర్లు.

"అక్షరాలు తొక్కకండర్రా, సరస్వతి!" అంది అమ్మ. ఇంకేముంది, నేనూ తమ్ముడూ పేర్ల మధ్య సందుల్లో గెంతడం, కాలు తగిలినప్పుడల్లా వంగి కళ్ళకద్దుకోవడం!

చర్చి చూపించే ముసలాయన కూడా ఒకప్పటి నావికుడే. ఇది ఆటస్థలం కాదంటూ ముఖం ముడుచుకుని వచ్చాడు. అమ్మ కంగారుపడిపోయి, "నో గేమ్, సర్. లెటర్స్ ఆర్ గాడెస్. ఫుట్ టచ్, వి సే సారీ" అంటూ తనే వంగి చేసి చూపించింది.

ఆయన ఓ రాయి మీది పేరు చూపించి, వీడు నా ఓడలోనే ఉండేవాడు, నా స్నేహితుడు అన్నాడు.

తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూశాం. ఆయన కష్టంగా వంగి, ఆ పేరుని తాకి, వేళ్ళు కళ్ళజోడుకి అద్దుకుంటున్నాడు.

"అయ్యో, కళ్ళజోడు తియ్యాలని చెప్పనే లేదు నేను!" అని కారెక్కేదాకా బాధపడింది అమ్మ.